ఉక్కు మూస నుండి అణు ప్రయోగశాల వరకు: నిరాయుధీకరణలో ఆయుధ విజ్ఞానం పాత్ర – ఉత్తర తెలంగాణ చరిత్ర నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

అణు నిరాయుధీకరణ చర్చల్లో ఆయుధాల సంఖ్యకు ఇచ్చినంత ప్రాధాన్యం ఆయుధం చేయగల విజ్ఞానానికి దక్కలేదు. ఆ విజ్ఞానానికి నిలయాలు ఆయుధ ప్రయోగశాలలు. అవి మూతపడితే ఆయుధం మరపున పడుతుందా? అవి కొనసాగితే నిరాయుధీకరణకు తోడ్పడతాయా, అడ్డుపడతాయా? ఈ ప్రశ్నలను ఉత్తర తెలంగాణ చరిత్రలోని మూడు అనుభవాల పక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. కోరుట్ల సమీపంలోని కోనసముద్రం ఉక్కు పరిశ్రమ అంతరించిన తీరు, జగిత్యాల కోటను కట్టిన ఫ్రెంచి విజ్ఞానం 1798 తరువాత దక్కనునుండి తొలగింపబడిన తీరు, సిరిసిల్ల నేతపని రూపం మార్చుకొని నిలిచిన తీరు ఇక్కడ పరిశీలనాంశాలు. మరపు, తొలగింపు, పనిమార్పు అనే ఈ మూడు మార్గాలలో అణు ప్రయోగశాలల విషయంలో ఏది ఎంతవరకు నమ్మదగినదో వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: నిరాయుధీకరణ, ఆయుధ ప్రయోగశాలలు, కోనసముద్రం, ఉక్కు, అనుభవగత జ్ఞానం, గౌరీబిదనూరు, జగిత్యాల, సిరిసిల్ల.

1. ఉపోద్ఘాతం

1954 ఏప్రిల్ 2న లోక్‌సభలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అణు పరీక్షలను నిలిపివేసే ఒప్పందం కావాలని ప్రతిపాదించారు. పరీక్షల నిషేధం కోసం ప్రపంచ వేదికలపై వినిపించిన తొలి పిలుపులలో అది ఒకటి. ఆ తరువాతి ఏడు దశాబ్దాలలో వచ్చిన ఒప్పందాలు ఎక్కువగా లెక్కించగల వస్తువులను గురించినవే: ఎన్ని క్షిపణులు, ఎన్ని వార్‌హెడ్లు, ఎంత యురేనియం, ఎంత ప్లుటోనియం. లెక్కకు అందనిది మరొకటి ఉంది. అది ఆయుధాన్ని తయారుచేయగల మనుషుల నేర్పు. వార్‌హెడ్‌ను విడదీయవచ్చు, యురేనియాన్ని పలుచన చేసి విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా మార్చవచ్చు. నేర్పును ఏ గిడ్డంగిలో పెట్టి ముద్ర వేయాలి?

ఈ ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలు చాలాకాలంగా చెలామణిలో ఉన్నాయి. ఒకసారి కనుగొన్నదాన్ని మరచిపోవడం అసాధ్యం, కాబట్టి సంపూర్ణ నిరాయుధీకరణ కల్ల అన్నది మొదటిది. ప్రయోగశాలలను మూసివేస్తే ఆయుధం తనంత తానే చరిత్రలో కలిసిపోతుందన్నది రెండవది. రెండూ విజ్ఞానం ఎలా నిలుస్తుంది, ఎలా నశిస్తుంది అన్న చారిత్రక ప్రశ్నను దాటవేస్తున్నాయి. ఒక ఆయుధ విజ్ఞానం పుట్టి, ఖండాంతర ఖ్యాతి పొంది, నశించిన ప్రాంతం ఉత్తర తెలంగాణ. అందువల్ల ఈ ప్రశ్నను ఇక్కడినుండి అడగడం సమంజసం.

2. కోనసముద్రం: పేరు తెలిసినా చేత కాని పని

జగిత్యాలనుండి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాదు వైపు వెళ్ళే దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. కోనసముద్రం ఈ మండలంలోని గ్రామం. నేటి జిల్లా సరిహద్దులను బట్టి అది నిజామాబాదులో ఉన్నా, ఉక్కు చరిత్ర దృష్ట్యా కోరుట్ల, నిర్మల్, జగిత్యాల ప్రాంతాలన్నీ ఒకే మండలంగా పరిగణించదగినవి. 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో క్షేత్ర పరిశీలన జరిపాయి. ఇనుము కరిగించిన చోట్లు, ఉక్కు వండిన చోట్లు, చిట్టెపు కుప్పలు, పగిలిన మూసల ముక్కలు ఈ ప్రాంతమంతటా విస్తారంగా ఉన్నట్లు ఆ పరిశీలన నమోదుచేసింది.

17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే డమాస్కస్ తరహా కత్తులకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యంనుండి వస్తుందని రాశాడు. ఐరోపా శాస్త్రజ్ఞులు ‘వుట్జ్’ అని పిలిచిన ఈ ఉక్కు పేరు తెలుగు, కన్నడ భాషల ‘ఉక్కు’ శబ్దం నుండే వచ్చిందన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. కోనసముద్రంలో ఉక్కు వండే విధానాన్ని ప్రత్యక్షంగా చూసి రాసినవాడు హెన్రీ వాయ్సీ. లాంబ్టన్ నాయకత్వంలోని త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశోధకుడుగా పనిచేసిన వాయ్సీ 1824లో మరణించాడు. అతని రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

వాయ్సీ వివరణ ప్రకారం ఇక్కడి కమ్మరులు వేర్వేరు చోట్ల తయారైన రెండు రకాల ఇనుమును నిర్ణీత పాళ్ళలో కలిపేవారు. మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, తిత్తులతో ఎడతెగకుండా గాలి ఊదుతూ కొలిమిలో కరిగించేవారు. కరిగిన ముద్దను మూసలోనే నిదానంగా చల్లారనిచ్చి, ఆ తరువాత మళ్ళీ వేడిచేసి మెత్తబరిచేవారు. మూస మట్టిలో వడ్ల ఊక కలిపేవారని తరువాతి పరిశోధకులు మూసల ముక్కలను పరీక్షించి తేల్చారు. తెల్మా లోవ్ ఈ మూసల నిర్మాణాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. అంత వేడిని అన్ని గంటలు తట్టుకునే మూసను మట్టితో, ఊకతో చేయగలగడమే ఈ పరిశ్రమకు మూలబలం.

వాయ్సీ రచనలో చరిత్రకారులను ఆకర్షించే మరొక అంశముంది. ఇస్ఫహాన్‌నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటున్నాడు. ఈ ఊరి పేరు, ఉక్కు వండే పద్ధతి రెండూ పారశీకంలో అందరికీ తెలుసని, అయినా అక్కడ దీనిని తయారుచేయబోయి విఫలమయ్యారని అతనినుండి వాయ్సీ తెలుసుకున్నాడు. పద్ధతి రహస్యం కాదు. కొనుగోలుదారు కొలిమి పక్కనే కూర్చుని చూడగలడు. సరుకు నాణ్యతను గుర్తించే అనుభవం కూడా అతనికి ఉంది. అయినా పని చేతికి రాలేదు. చూసి తెలుసుకోవడానికీ చేసి నేర్చుకోవడానికీ మధ్యనున్న దూరాన్ని ఇంత స్పష్టంగా చూపే పాత ఆధారాలు అరుదు.

ఐరోపా ప్రయోగశాలల అనుభవం కూడా ఇటువంటిదే. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి వుట్జ్‌పై పరిశోధన పత్రం సమర్పించాడు. మైకేల్ ఫారడే 1819నుండి 1822 వరకు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దీనిపై ప్రయోగాలు చేశాడు. ఉక్కులోని ప్రత్యేకతకు అల్యూమినియం సంబంధమైన పదార్థం కారణమని ఫారడే భావించాడు. అది సరికాదని తరువాత తేలింది. రష్యాలోని జ్లటౌస్త్‌లో అనోసోవ్ దీర్ఘకాలం శ్రమించి ఆ కోవకు చెందిన ఉక్కును సాధించి 1841లో గ్రంథం ప్రకటించాడు.

ఇదే శతాబ్దంలో కోనసముద్రం కొలిమి ఆరిపోయింది. తుపాకుల యుగంలో కత్తికి గిరాకీ తగ్గింది. ఐరోపా కర్మాగారాల ఉక్కు చౌకగా దిగుమతి అయింది. 1856లో బెస్సెమర్ విధానం వచ్చాక మూసలో ముద్ద ముద్దగా ఉక్కు వండే పనికి అంగడిలో చోటు లేకపోయింది. ఏ ఒప్పందమూ కోనసముద్రాన్ని నిరాయుధీకరించలేదు. కొనేవాడు లేక, కొడుకుకు నేర్పవలసిన అవసరం తండ్రికి లేక విద్య నశించింది. మిగిలినవి చిట్టెపు దిబ్బలు.

3. ఒక లోహశాస్త్రజ్ఞుడు, రెండు లోహాలు

ఈ పాత ఉక్కునూ అణ్వాయుధాన్నీ ఒకే జీవితంలో కలిపినవాడు సిరిల్ స్టాన్లీ స్మిత్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లాస్ అలమాస్ ప్రయోగశాలలో యురేనియం, ప్లుటోనియం లోహాలను బాంబుకు తగినట్లు తయారుచేసే లోహశాస్త్ర విభాగానికి ఆయన నాయకుడు. ప్లుటోనియం విచిత్రమైన లోహం. ఉష్ణోగ్రత మారేకొద్దీ దాని స్ఫటిక రూపం, సాంద్రత మారిపోతాయి. కొద్దిపాటి గాలియం కలిపి దానిని మలచడానికి వీలైన రూపంలో నిలిపి ఉంచడం స్మిత్ బృందం సాధించిన కీలక విజయం. మూసలో ఏ పదార్థం ఎంత కలపాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి అన్న కమ్మరి ప్రశ్నే అక్కడ మరొక లోహానికి మరొక స్థాయిలో ఎదురైంది.

యుద్ధానంతరం స్మిత్ అమెరికా అణుశక్తి సంఘపు సాధారణ సలహా మండలిలో సభ్యుడయ్యారు. 1949 అక్టోబరులో ఆ మండలి హైడ్రోజన్ బాంబును హుటాహుటిన తయారుచేయరాదని సిఫారసు చేసింది. ఓపెన్‌హైమర్, కోనంట్ తదితరులతో పాటు ఆ అభిప్రాయంపై సంతకం చేసినవారిలో స్మిత్ ఒకరు. ఆయుధం చేయడం తెలిసినవారే ఇక చేయవద్దని చెప్పిన సందర్భమిది. 1950 జనవరిలో అధ్యక్షుడు ట్రూమన్ అందుకు భిన్నమైన నిర్ణయం తీసుకున్నారు. విజ్ఞానం సలహా ఇవ్వగలదు గాని నిర్ణయం దాని చేతిలో ఉండదని ఈ ఉదంతం చెబుతుంది.

ఆ తరువాత స్మిత్ లోహ చరిత్రవైపు మళ్ళారు. 1960లో వెలువడిన ఆయన లోహనిర్మాణ అధ్యయన చరిత్ర గ్రంథంలో డమాస్కస్ ఉక్కుకు, దాని రహస్యం ఛేదించడానికి ఐరోపా పడిన ప్రయాసకు ముఖ్య స్థానముంది. శాస్త్రం వివరించకముందే చేతిపనివాడికి లోహం గుణం తెలుసునని, ఆ జ్ఞానం గ్రంథాలకెక్కకపోయినా జ్ఞానమేనని ఆయన రచనలు నిరూపిస్తాయి.

4. మరపు నిరాయుధీకరణ కాగలదా?

మాటల్లో పూర్తిగా చెప్పలేని, అభ్యాసంవల్ల మాత్రమే అలవడే నేర్పును మైకేల్ పొలానీ ప్రత్యేక జ్ఞానరూపంగా గుర్తించారు. దానిని తెలుగులో ‘అనుభవగత జ్ఞానం’ అనవచ్చు. 1995లో డొనాల్డ్ మెకంజీ, గ్రాహం స్పినార్డీ అనే సామాజిక శాస్త్రజ్ఞులు ఈ భావనను అణ్వాయుధాలకు అన్వయించారు. లాస్ అలమాస్, లివర్‌మోర్ ప్రయోగశాలల రూపకర్తలతో మాట్లాడి, వివిధ దేశాల అణు కార్యక్రమాల చరిత్రను పోల్చి వారు ఒక నిర్ణయానికి వచ్చారు. బాంబు సూత్రం ప్రపంచానికంతటికీ తెలిసినా, దానిని రూపొందించే నేర్పు గురుశిష్య న్యాయంగా ప్రయోగశాలలో చేతులు మారుతుంది. రూపకల్పన ఆగిపోయి, కొత్త తరం పని నేర్చుకోకపోతే, అణ్వాయుధం ఒక అర్థంలో ‘కనుగొనని స్థితి’కి వెనుదిరగవచ్చు. మళ్ళీ సాధించడం అసాధ్యమేమీ కాదు. అయితే అది ఇంచుమించు మొదటినుండి మొదలుపెట్టడమే అవుతుంది.

ఇది ఊహ కాదనడానికి అమెరికా అనుభవమే సాక్ష్యం. జలాంతర్గామి క్షిపణులపై అమర్చే డబ్ల్యు-76 వార్‌హెడ్లలో ‘ఫాగ్‌బ్యాంక్’ అనే సంకేతనామం గల పదార్థం వాడతారు. దాని కూర్పు ఇప్పటికీ రహస్యం. ఓక్ రిడ్జ్‌లోని వై-12 కర్మాగారంలో దాని ఉత్పత్తి నిలిచిపోయిన కొన్నేళ్ళకు, వార్‌హెడ్ల ఆయుర్దాయం పెంచే పనికోసం మళ్ళీ అది అవసరమైంది. రాతపూర్వక వివరాలు తక్కువగా మిగిలాయని, పని తెలిసినవారిలో దాదాపు అందరూ పదవీ విరమణ చేయడమో వెళ్ళిపోవడమో జరిగిందని 2009లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ నివేదించింది. అదే ఏడాది లాస్ అలమాస్ పత్రిక మరొక విషయం వెల్లడించింది. పాత ముడిపదార్థంలో ఒక మాలిన్యం ఉండేది. పదార్థం సరిగా కుదరడానికి అదే కారణమని ఆనాటి పనివారికీ తెలియదు. ఆధునిక శుద్ధి ప్రక్రియ ఆ మాలిన్యాన్ని తొలగించడంతో కొత్త ఉత్పత్తి విఫలమైంది.

ఉక్కు చరిత్రలో దీనికి సరిజోడు కనిపిస్తుంది. 1990లలో అమెరికన్ లోహశాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కత్తుల తయారీదారు పెండ్రే కలిసి డమాస్కస్ ఉక్కు అలల చారలను తిరిగి సాధించారు. ముడి ఇనుములోని వెనేడియం వంటి మూలకాలు అత్యల్ప పరిమాణంలో ఉండటమే ఆ చారలకు మూలమని 1998లో వారు ప్రకటించారు. ఫలానా చోటి ఇనుమే కావాలన్న కమ్మరి పట్టుదల మూఢాచారం కాదన్నమాట. కారణం తెలియకపోయినా ఫలితం అతనికి తెలుసు.

ఈ రెండు ఉదాహరణలనుండి ఒకే పాఠం రెండు వైపులా లభిస్తుంది. ఆయుధ విజ్ఞానం మరపున పడగలదు, పైగా అత్యంత సంపన్న దేశపు రహస్య కర్మాగారంలోనే పడింది. కాని ఫాగ్‌బ్యాంక్‌ను చివరకు మళ్ళీ తయారుచేశారు, చారల ఉక్కును మళ్ళీ సాధించారు. ధనం, కాలం, పట్టుదల ఉన్నచోట మరపు తాత్కాలికమే. మరపు నిరాయుధీకరణకు వ్యవధిని ఇస్తుంది గాని హామీని ఇవ్వదు.

5. జగిత్యాల కోట, 1798: విజ్ఞానాన్ని తొలగించడం

మరపుకోసం ఎదురుచూడక విజ్ఞానవంతులనే తొలగించడం రెండవ మార్గం. జగిత్యాల పట్టణానికి ఉత్తరాన ఉన్న కోటను 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మించారు. నక్షత్రాకారపు బురుజులు, చుట్టూ కందకం గల ఈ కోట ఫిరంగుల యుగానికి తగిన ఐరోపా దుర్గశాస్త్రం గోదావరి పరీవాహకానికి చేరిందనడానికి నిదర్శనం. జాక్, టాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లమీదుగానే ఊరికి ఆ పేరు వచ్చిందన్న కథ స్థానికంగా ప్రచారంలో ఉంది. దానిని చరిత్రగా స్వీకరించనవసరం లేదు. అయితే ఆయుధ విజ్ఞానం పరాయిచోటినుండి మనుషుల రూపంలో నడిచివచ్చిందన్న జ్ఞాపకం ఆ కథలో భద్రంగా ఉంది.

ఆ శతాబ్దం చివరకు నిజాం కొలువులో ఫ్రెంచి సైనిక విజ్ఞానానికి కేంద్రం హైదరాబాదు. మూసా రేమూ శిక్షణ ఇచ్చిన పటాలాలు, ఆయన పేరుతో ముడిపడిన ఫిరంగుల కార్ఖానా ఈస్టిండియా కంపెనీకి ఆందోళన కలిగించాయి. 1798 మార్చిలో రేమూ మరణించాడు. సెప్టెంబరు 1న నిజాంతో కుదిరిన సంధి ప్రకారం అక్టోబరు 22న కంపెనీ సేనలు ఫ్రెంచి పటాలాన్ని చుట్టుముట్టి పదివేలకు పైగా సిపాయిల ఆయుధాలను రక్తపాతం లేకుండా స్వాధీనం చేసుకున్నాయి. ఫ్రెంచి అధికారులను బందీలుగా తీసుకుని దేశంనుండి పంపించివేశారు. ఆయుధాలతో పాటు వాటి విజ్ఞానం తెలిసినవారిని కూడా తొలగించడం ఈ నిరాయుధీకరణలోని విశేషం.

దానివల్ల దక్కను శాంతించిందా? 1799లోనే శ్రీరంగపట్నం పతనమైంది. నిజాం ఖర్చుతో కంపెనీ సేనలు హైదరాబాదులో తిష్ఠవేశాయి. ఫిరంగి పోలేదు, దానిపై గుత్తాధిపత్యం ఒకరినుండి మరొకరికి మారింది. అణుయుగంలో ఇటువంటి అసమానతే వివాదాస్పదమైంది. 1970లో అమలులోకి వచ్చిన అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం ఐదు దేశాల ఆయుధాలను గుర్తించి, మిగిలినవారు తయారుచేయరాదని శాసించింది. భారతదేశం దానిపై సంతకం చేయకపోవడానికి చూపిన ముఖ్య కారణం ఈ వివక్షే. 1991లో ఇరాక్‌పై భద్రతా మండలి చేసిన 687వ తీర్మానం తరువాత పరిశీలకులు యంత్రాలతో పాటు శాస్త్రవేత్తలనూ వెదికారు. 2002 నాటి 1441వ తీర్మానం వారిని దేశం వెలుపలకు తీసుకువెళ్ళి ప్రశ్నించే అధికారాన్ని కూడా ఇచ్చింది. బలవంతుడు బలహీనుడి విజ్ఞానాన్ని తొలగించగలడు. బలవంతుడి విజ్ఞానాన్ని తొలగించేదెవరన్న ప్రశ్నకు ఈ మార్గంలో సమాధానం దొరకదు.

6. ప్రయోగశాల: అడ్డు, తోడు

పరీక్షల నిషేధ చరిత్రలో ప్రయోగశాలలు రెండు పక్షాలా కనిపిస్తాయి. 1958 వేసవిలో జెనీవాలో సమావేశమైన తూర్పు, పశ్చిమ దేశాల నిపుణులు రహస్య పరీక్షలను దూరంనుండి పసిగట్టడం సాధ్యమేనని మౌలికంగా అంగీకరించారు. 1963 పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందాన్ని లివర్‌మోర్‌కు చెందిన ఎడ్వర్డ్ టెల్లర్ అమెరికా సెనేట్ ముందు తీవ్రంగా వ్యతిరేకించారు. అదే ఏడాది అక్టోబరులో అంతరిక్షానికి వెళ్ళిన వేలా ఉపగ్రహాల పరికరాలను తయారుచేసినవి లాస్ అలమాస్, సాండియా ప్రయోగశాలలు. ఒప్పందం అమలును ఆకాశంనుండి కనిపెట్టిన కళ్ళు ఆయుధశాలలోనే రూపొందాయి.

దక్షిణ భారతంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. హిందూపురానికి సమీపంలో, తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కర్ణాటకలోని గౌరీబిదనూరులో 1965లో భూకంపమాపకాల శ్రేణి ఏర్పాటైంది. ట్రాంబేలోని భారత అణుశక్తి సంస్థ, బ్రిటిష్ అణుశక్తి సంస్థ కలిసి దానిని నెలకొల్పాయి. ‘ఎల్’ ఆకారంలో అమర్చిన 20 మాపకాలు భూమి ప్రకంపనలను నిరంతరం నమోదుచేస్తాయి. స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మూర్, కెనడాలోని యెల్లోనైఫ్, ఆస్ట్రేలియాలోని వారాముంగా శ్రేణులు దీనికి తోబుట్టువులు. ఒక ప్రకంపన సహజ భూకంపమా, భూగర్భ అణువిస్ఫోటనమా అని వేరుచేయడం వీటి పని. విస్ఫోటనం ఎలా జరుగుతుందో తెలిసినవారే దాని జాడను నమ్మకంగా గుర్తించగలరు. 1974, 1998 పోఖరణ్ పరీక్షలకు బాధ్యత వహించిన సంస్థ కూడా ట్రాంబేదే కావడం చరిత్ర. ఒకే సంస్థ బాంబునూ చేసింది, బాంబు జాడ పట్టే విద్యనూ పెంచింది.

1996లో సంతకాలకు సిద్ధమైన సమగ్ర పరీక్షా నిషేధ ఒప్పందం ప్రయోగశాలల పాత్రను మరింత క్లిష్టం చేసింది. పేలుడు పరీక్షలు ఆగినా ఆయుధాలను కంప్యూటర్ల సాయంతో, లేజర్ ప్రయోగాలతో కాపాడుకునే భారీ కార్యక్రమాన్ని అమెరికా తన ప్రయోగశాలలకు అప్పగించింది. విస్ఫోటన రహిత ప్రయోగాలను ఒప్పందం నిషేధించలేదని, సంపూర్ణ నిరాయుధీకరణకు కాలపరిమితి లేదని భారతదేశం అభ్యంతరం తెలిపి సంతకానికి నిరాకరించింది. రెండేళ్ళకే పోఖరణ్‌లో పరీక్షలు జరిపిన దేశం లేవనెత్తిన అభ్యంతరమిది. ఆ కారణంగా దాని ఉద్దేశాన్ని శంకించవచ్చు, తర్కాన్ని మాత్రం తోసిపుచ్చలేము.

ప్రయోగశాల తన పనిని తానే వెనుకకు తిప్పిన సంపూర్ణ ఉదాహరణ దక్షిణాఫ్రికాది. ఆరు బాంబులు పూర్తిచేసి, ఏడవది చేస్తున్న దశలో ఆ దేశం వాటిని విడదీసింది. 1991 జులైలో వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. 1993 మార్చి 24న అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో ఈ విషయం బహిరంగపరిచారు. బాంబులను విడదీసినవి వాటిని తయారుచేసిన సంస్థలే. ఆయుధ నమూనాల పత్రాలను నాశనం చేశారు. యురేనియం శుద్ధి కర్మాగారపు ఉత్పత్తి రికార్డులు మాత్రం మిగిలాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పరిశీలకులు వాటి ఆధారంగానే లెక్కలు సరిచూశారు. చేసే విద్యను చెరిపివేసి, ఎంత చేశారో చెప్పే చిట్టాను భద్రపరచడం ఈ అనుభవంలోని సారం. ఈ పని తయారుచేసినవారి సహకారం లేనిదే సాధ్యం కాదు.

7. సిరిసిల్ల సూచించే ప్రశ్న: ఆ చేతులకు తరువాతి పని

సిరిసిల్ల నేతపనికీ ఆయుధాలకూ సంబంధం లేదు. ఈ పోలిక విద్యకూ జీవికకూ ఉన్న సంబంధం వరకే పరిమితం. ఇక్కడి పద్మశాలీలు బతుకుతెరువు వెదుక్కుంటూ భివండి, షోలాపూరు వంటి మరమగ్గాల పట్టణాలకు వెళ్ళారు. చేమగ్గం నేర్పు మరమగ్గానికి మారింది. సిరిసిల్ల తానే మరమగ్గాల పట్టణమైంది. విద్య నశించలేదు, రూపం మార్చుకుంది. అయితే పని లేని రోజులలో ఈ పట్టణం నేతకార్మికుల ఆత్మహత్యలను చూసింది. 2017నుండి బతుకమ్మ చీరల తయారీని తెలంగాణ ప్రభుత్వం ఇక్కడి మగ్గాలకు అప్పగించింది. నేర్పు ఉన్నంత మాత్రాన మనిషి నిలవడని, దానికి గిరాకీ కల్పించే నిర్ణయం ఎవరో ఒకరు తీసుకోవాలని ఈ అనుభవం చెబుతుంది.

సోవియట్ యూనియన్ పతనమైనప్పుడు ప్రపంచం ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. జీతాలు అందని ఆయుధ శాస్త్రవేత్తలు తమ విద్యను ఎవరికి అమ్ముకుంటారోనన్న భయం వ్యాపించింది. 1992లో లాస్ అలమాస్ అధిపతి సిగ్‌ఫ్రిడ్ హెకర్ రష్యా రహస్య నగరమైన సరోవ్‌కు వెళ్ళారు. నిన్నటి ప్రత్యర్థి ప్రయోగశాలల మధ్య సహకారం మొదలైంది. శాస్త్రవేత్తలకు పౌర పరిశోధనలు కల్పించేందుకు మాస్కోలో అంతర్జాతీయ శాస్త్ర సాంకేతిక కేంద్రం ఏర్పడింది. 1993 ఒప్పందం ప్రకారం 2013 నాటికి 500 టన్నుల రష్యన్ ఆయుధ యురేనియం అమెరికా విద్యుత్ కేంద్రాల ఇంధనమైంది. వార్‌హెడ్ రహస్యం బయటపడకుండా అది నిజమైన వార్‌హెడ్డేనని నిర్ధారించే పరికరాల కోసం 1996నుండి 2002 వరకు అమెరికా, రష్యా, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి కృషి చేశాయి. 2007లో బ్రిటన్, నార్వేలు అటువంటి పరిశోధననే చేపట్టాయి. ఇవన్నీ ఆయుధ విజ్ఞానానికి దొరికిన కొత్త పనులు.

ఈ చర్చ తెలుగువారికి దూరపుది కాదు. తెలుగు భౌతికశాస్త్రజ్ఞుడు సూరి భగవంతం రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్న 1960లలోనే రక్షణ పరిశోధన, లోహ పరిశోధన ప్రయోగశాలలు హైదరాబాదులో వేళ్ళూనుకున్నాయి. అగ్ని, పృథ్వి క్షిపణుల రూపకల్పన అక్కడ జరిగింది. ఉత్తర తెలంగాణ కళాశాలలలో చదివిన యువతరం నేడు అటువంటి ప్రయోగశాలల ఉద్యోగాలవైపు చూస్తోంది. వారి నేర్పు రేపు ఏ పనికి వినియోగపడాలన్నది దౌత్యవేత్తలకే వదిలేయదగిన ప్రశ్న కాదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఆయుధ విజ్ఞానం ప్రధానంగా గ్రంథాలలో కాక చేతుల్లో, నిత్యాభ్యాసంలో నిలుస్తుంది. కోనసముద్రంలో పారశీక వర్తకుని అనుభవం, ఫాగ్‌బ్యాంక్ ఉదంతం దీనిని ధ్రువపరుస్తాయి. కనుగొన్నదానిని మరచిపోలేమన్న వాదం చరిత్రకు విరుద్ధం.

2. మరపు శాశ్వతం కాదు. వనరులున్న రాజ్యం కోల్పోయిన విద్యను తిరిగి సంపాదించగలదు. ప్రయోగశాలల మూసివేత ఒక్కటే నిరాయుధీకరణ కాజాలదు.

3. విజ్ఞానవంతులను బలప్రయోగంతో తొలగించడం ఆయుధాన్ని అంతం చేయక గుత్తాధిపత్యాన్ని మారుస్తుంది. 1798 నాటి హైదరాబాదు అనుభవం ఇందుకు నిదర్శనం.

4. ఆయుధాన్ని విడదీయడానికి, విడదీశారని నిర్ధారించడానికి ప్రయోగశాల నేర్పు అనివార్యం. అయితే అదే ప్రయోగశాలకు ఆయుధాలను కాపాడే బాధ్యత, తత్సంబంధమైన నిధులు కొనసాగినంతకాలం దాని మొగ్గు ఎటన్నది సందేహాస్పదమే.

5. ఆ చేతులకు తరువాతి పని ఏమిటన్నది నిరాయుధీకరణ ఒప్పందంలో అనుబంధం కాదు, ప్రధానాంశం కావాలి.

కోనసముద్రం కమ్మరులకు ఆ తరువాతి పని ఏమిటని వారి కాలంలో ఎవరూ అడగలేదు. వారి విద్యతో పాటు వారి పేర్లు కూడా చరిత్రకు దక్కలేదు. కత్తి చేసే విద్య నశించినందుకు లోకం చింతించనవసరం లేదు. కాని మూస మట్టిని, కొలిమి వేడిని, లోహం గుణాన్ని ఎరిగిన ఆ జ్ఞానం మరొక పనికి మళ్ళకుండా బూడిదయింది. అణు ప్రయోగశాలల విషయంలో లోకానికి ఇంకా వ్యవధి ఉంది. ఆయుధాల లెక్కతో పాటు చేతుల లెక్క కూడా చూడగలిగితేనే ఆ వ్యవధి సార్థకమవుతుంది.